క్రెడిట్ కార్డు దావా: సమన్లు అందాక ముప్పై రోజులు

కార్డు బాకీ తీరలేదని బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేస్తే, దానికి జవాబు చెప్పుకోమని కోర్టు ప్రతివాదికి పంపే ఉత్తర్వు పేరు సమన్లు. ఇది శిక్ష కాదు, తీర్పు కాదు, అరెస్టు వారంటు అసలే కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 5వ ఆర్డరు దీని రూపాన్నీ, అందించే పద్ధతినీ చెబుతుంది. 8వ ఆర్డరు జవాబు గురించి, 9వ ఆర్డరు హాజరు కాకపోతే జరిగేదాని గురించి. ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. కార్డు దావాల్లో ఫలితం చాలామటుకు బాకీ ఉందా లేదా అన్నదాని మీద కన్నా, ప్రతివాది గడువులోగా కోర్టు మెట్లెక్కాడా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. బాకీ నిజమేనని ఒప్పుకునేవాడికి కూడా, ఆ మాటకొస్తే అతనికే ఎక్కువగా, హాజరైతే దక్కేవి కొన్ని ఉన్నాయి. ఊరుకుంటే వాటిలో కొన్ని మళ్లీ దక్కవు.

ఈ సంగతిని ఒక పేట ఉదాహరణతో చూద్దాం. సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ అప్పు వ్యవహారాలకు కొత్త చోటేమీ కాదు. పేటకు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ వర్తకుడు, మిల్లు యజమాని. ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డు మీద, ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్‌లో, గడియారంతో కనిపించే పాత పోలీస్ స్టేషన్ భవనం ఆయన కట్టించిందే. పక్కనే రాణిగంజ్ హార్డ్‌వేర్, మోటారు విడిభాగాల దుకాణాలు. ఇటు నల్లగుట్ట, అటు కలాసీగూడ ఇళ్లు. ఇలాంటి బజార్లలో సరుకు ఖాతా మీద నడుస్తుంది. ఖాతా అప్పులో ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ రోజూ ఎదురుపడతారు, మాట మీద వాయిదా పెరుగుతుంది. కార్డు అప్పులో ఆ ఎదురుపడటం లేదు. దేశంలో క్రెడిట్ కార్డును తొలిగా తెచ్చిన బ్యాంకుల్లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఆంధ్రా బ్యాంకు ఒకటి. అది 1981 నాటి మాట. 2024 తొలి నెలలకల్లా దేశంలో వాడుకలో ఉన్న కార్డులు 10 కోట్లు దాటాయి. రాణిగంజ్ షాపు యజమాని స్టాకు కొనడానికి గీసిన కార్డూ, కలాసీగూడ ఉద్యోగి ఆస్పత్రి బిల్లుకు గీసిన కార్డూ చూడటానికి ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం వాటి మధ్య పెద్ద తేడా ఉంది, అది వడ్డీ దగ్గర తెలుస్తుంది.

ముందు చేతికి వచ్చిన కాగితం ఏదో తేల్చుకోవాలి, ఎందుకంటే 'కోర్టు కాగితం' పేరుతో ఇంటికి వచ్చేవి చాలా రకాలు. లాయరు తన లెటర్‌హెడ్ మీద పంపేది లీగల్ నోటీసు. దాని వెనక ఇంకా దావా ఉండకపోవచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు రమ్మని న్యాయసేవాధికార సంస్థ పేరుతో వచ్చే పిలుపు రాజీ కోసం. 1987 నాటి చట్టం ప్రకారం లోక్ అదాలత్ ఇరువైపులా ఒప్పుకుంటేనే అవార్డు ఇస్తుంది, బలవంతాన తీర్పు చెప్పదు. అయితే ఒప్పుకుని సంతకం పెట్టిన అవార్డు కోర్టు డిక్రీతో (అమలు చేయదగ్గ తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆర్బిట్రేటర్ నుంచి వచ్చే నోటీసు మరో దారి. దాన్ని చెత్తబుట్టలో వేస్తే ఆ అవార్డు కూడా డిక్రీలాగే అమలవుతుంది, కొట్టేయించుకోవడానికి ఉండేది మూడు నెలలు, పైన మహా అయితే మరో 30 రోజులు. చెక్కు చెల్లక నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద గానీ, ఆటో డెబిట్ తిరిగొచ్చి 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షను కింద గానీ వచ్చే సమన్లు క్రిమినల్ కోర్టువి. అక్కడ గైర్హాజరైతే వారంటు దాకా పోతుంది కాబట్టి వాటిని సివిల్ సమన్లతో కలిపేసుకోకూడదు. ఇక వాట్సాప్‌లో సింహాల ముద్రతో, 'రెండు గంటల్లో అరెస్టు' అంటూ వచ్చేది ఏ కోర్టుదీ కాదు.

నిజమైన సివిల్ సమన్ల మీద కోర్టు ముద్ర, జడ్జి గానీ ఆయన నియమించిన అధికారి గానీ చేసిన సంతకం, ఓ.ఎస్. (దావా) నంబరు, సంవత్సరం, వాది ప్రతివాదుల పేర్లు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. వెంట ప్లెయింటు (బ్యాంకు దావా పత్రం) నకలు ఉండాలి. అది లేకపోతే కోర్టు నుంచి అడిగి తీసుకోవడం ప్రతివాది హక్కు. కేసు నంబరుతోనో, 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరుతోనో ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతికితే కేసు ఏ కోర్టులో ఉందో, తర్వాతి వాయిదా ఎప్పుడో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. కాగితం ఎంత భయపెట్టినా, ఎంత నాసిగా కనిపించినా, ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

సమన్లు పుచ్చుకోకపోతే కేసు నడవదన్న నమ్మకం బజార్లో గట్టిగానే ఉంది. చట్టం దానికి ఎక్కడా చోటివ్వలేదు. ప్రతివాది కాగితం తీసుకోనంటే ప్రాసెస్ సర్వర్ దాన్ని ఇంటి తలుపుకు అంటించి, ఎవరి ఎదుట అంటించిందీ రాసి కోర్టుకు నివేదిస్తాడు. పోస్టులో పంపిన కాగితం 'తిరస్కరించారు' అన్న రాతతో వెనక్కి వెళితే కోర్టు దాన్ని అందినట్టే ప్రకటించవచ్చు. మనిషి కావాలని తప్పించుకుంటున్నాడని తోస్తే పత్రికా ప్రకటనతో సరిపెడుతుంది. ఆ చిన్న అక్షరాల ప్రకటన ఎవరూ చదవరన్నది వేరే సంగతి. మరోవైపు, సరిగా అందలేదని చెప్పుకునే హక్కు కూడా చట్టంలోనే ఉంది. ప్రతివాది ఇంట్లో లేనప్పుడు అతనితో కలిసి ఉండే వయసొచ్చిన కుటుంబసభ్యులకు, ఆడైనా మగైనా, సమన్లు ఇవ్వవచ్చు. పనివాళ్లు కుటుంబసభ్యుల లెక్కలోకి రారని 15వ రూలు వివరణ స్పష్టంగా అంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేతిలో పెట్టిపోయిన సమన్లు అందినట్టా కాదా అన్నది కాబట్టి వాదించదగ్గ విషయమే. పాత పేటల్లో ఈ చిక్కు తరచుగా రావడానికి వీలుంది: కార్డు తీసుకున్నప్పటి చిరునామా రాంగోపాల్‌పేట్‌ది, మనిషి ఈపాటికి అల్వాల్‌కో కొంపల్లికో మారిపోయి ఉంటాడు, బ్యాంకు రికార్డు మారదు.

అందిన తేదీ నుంచి గడియారం నడుస్తుంది. మామూలు దావాలో ప్రతివాది రాతపూర్వక జవాబుకు, అంటే రిటన్ స్టేట్‌మెంట్‌కు, 30 రోజులు. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వవచ్చు. ఆ 90 దాటాక కూడా అసాధారణ పరిస్థితుల్లో కోర్టుకు విచక్షణ ఉంటుందని 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దావా కమర్షియల్ కోర్టులో పడితే ఆ వెసులుబాటు లేదు, అక్కడ 120 రోజులు దాటితే హక్కే పోతుంది. 37వ ఆర్డరు కింద వేసిన సమ్మరీ సూట్ అయితే పరిస్థితి ఇంకా ఇరుకు: 10 రోజుల్లో హాజరు నమోదు చేసుకోవాలి, తర్వాత వాది పంపే రెండో సమన్లకు మరో 10 రోజుల్లో, 'నాకు వాదించుకునే అనుమతి ఇవ్వండి' అని అఫిడవిట్ వేయాలి. అది వేయకపోతే వాది చెప్పినదంతా ఒప్పుకున్నట్టే, డిక్రీ వెంటనే. అందుకే సమన్ల మీద ఏ ఆర్డరు కింద పంపారో రాసిన ఆ ఒక్క పంక్తిని రెండుసార్లు చదవాలి. రాంగోపాల్‌పేట్ నివాసి మీద స్థానికంగా దావా వేస్తే అది సిటీ సివిల్ కోర్టు పరిధిలోకి వస్తుంది, ఆ కోర్టు జడ్జీలు సికింద్రాబాద్‌లోనూ కూర్చుంటారు. బాకీ 20 లక్షలు, ఆపైన అయితే బ్యాంకు వెళ్లేది డెట్స్ రికవరీ ట్రిబ్యునల్‌కు. కార్డు ఒప్పందంలో ఢిల్లీ, ముంబై వంటి దూరపు ఊరి కోర్టు పేరు రాసి ఉంటే సమన్లు అక్కడి నుంచీ రావచ్చు. ఆ ఊరికి లావాదేవీతో ఏ సంబంధమూ లేకపోతే కేవలం ఒప్పందం రాతతో దానికి అధికారం రాదు. కానీ ఆ అభ్యంతరాన్ని మొదట్లోనే లేవనెత్తాలి, లేకపోతే పై కోర్టు కూడా పట్టించుకోదు.

రిటన్ స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలన్నది అసలు ప్రశ్న. ప్లెయింటులో పేరా పేరాకూ జవాబు ఉండాలి: ఇది ఒప్పుకుంటున్నాను, ఇది కాదు, ఇది నాకు తెలియదు, బ్యాంకే రుజువు చేయాలి. ప్రత్యేకించి కాదనని ప్రతిదీ ఒప్పుకున్నట్టే అన్నది 8వ ఆర్డరు 5వ రూలు, కాబట్టి 'ప్లెయింటులోని ఆరోపణలన్నీ అబద్ధం' అని ఒక్క వాక్యంతో తోసేస్తే నిలవదు. బ్యాంకు ఎంత అడుగుతోందో, ఆ అంకె ఎలా తయారైందో చూడాలి. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. 80,000 రూపాయల బాకీ మీద అంటే నెలకు 2,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 504, ఆలస్య రుసుము వేరు, దాని మీదా జీఎస్టీ. చెల్లించని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. అలా కలిపారా లేదా అన్నది నెలవారీ స్టేట్‌మెంట్లు వరసగా పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. దావాతో బ్యాంకు తరచు చివరి స్టేట్‌మెంటే జతచేస్తుంది. మొదటి నుంచి లెక్క చూపమని అడగడానికి ప్రతివాది ఉండాలి కదా. కంప్యూటర్ ప్రతి సాక్ష్యంగా చెల్లాలంటే బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం అడిగే ధ్రువపత్రం ఉందా, బాకీని వేరే కంపెనీకి అమ్మి ఉంటే ఆ బదిలీ పత్రం ఉందా, సంతకం చేసిన అధికారికి అధికారం ఇచ్చిన కాగితం ఉందా అన్నవీ ఇక్కడే అడగాలి.

కాలదోషం కూడా చూసుకోవాలి. బాకీ దావాకు లిమిటేషన్ చట్టం ఇచ్చేది మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా, రాతపూర్వక ఆధారంతో కొంత చెల్లించినా అక్కడి నుంచి మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి, 2019లో ఆగిపోయిన కార్డు మీద వేసిన దావా చూడగానే కాలం చెల్లినట్టు అనిపించినా లెక్కేస్తే బతికే ఉండవచ్చు. కాలదోషం పట్టిన బాకీని సైతం చెల్లిస్తానని రాసిచ్చి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం అది కొత్త ఒప్పందం అవుతుంది. వసూలు ఏజెంటు 'సెటిల్‌మెంట్ లెటర్' అని ముందుకు తోసే కాగితంలో ఇలాంటి వాక్యం ఉందేమో చూసుకోవడం మంచిది.

వడ్డీ దారుణంగా ఉంది కాబట్టి కోర్టు తగ్గిస్తుందన్న ఆశతో వెళ్లేవారూ ఉన్నారు. అక్కడ నిరాశ తప్పదు. వడ్డీ ఎక్కువన్న కారణం మీద బ్యాంకు లావాదేవీని కోర్టులు తిరగదోడకూడదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 21ఏ సెక్షను అడ్డంగా ఉంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించితే అనుచిత వ్యాపార పద్ధతేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అన్నా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మరి హాజరై ప్రయోజనం ఏమిటంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షను వడ్డీని మూడు కాలాలుగా విడదీస్తుంది. దావాకు ముందు కాలానికి ఒప్పందం రేటు. దావా నడిచిన కాలానికి కోర్టుకు సబబు అనిపించిన రేటు. డిక్రీ తర్వాత అసలు మీద 6 శాతానికి మించకూడదు. దీనికి ఒకే మినహాయింపు, అప్పు పుచ్చుకున్నవాడి వ్యాపారానికి సంబంధించిన లావాదేవీ. కలాసీగూడ ఉద్యోగి ఆస్పత్రి బిల్లుకూ, రాణిగంజ్ షాపు స్టాకుకూ తేడా ఇక్కడ. 80,000 మీద ఏడాదికి 42 శాతం అంటే 33,600. 6 శాతం అంటే 4,800. ఇంటి ఖర్చును బ్యాంకు వ్యాపార లావాదేవీగా ప్లెయింటులో రాసుకుంటే, కాదని చెప్పేవాడు ఎదురుగా లేనప్పుడు ఆ రాతే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అసలులో ఏయే వడ్డీ కలపవచ్చన్నదాని మీద 2001 నాటి సెంట్రల్ బ్యాంక్ వర్సెస్ రవీంద్ర రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ప్రామాణికం: అపరాధ వడ్డీని అసలులో కలపకూడదు.

వాడుకున్న డబ్బే కదా, కోర్టుకెక్కి అడ్డం తిరగడం అన్యాయం కాదా అని అడిగేవారున్నారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం, మాట నిలబెట్టుకోవడం మీద నడిచే బజార్లో అది సహజంగా వచ్చేదే. కానీ హాజరు కావడమంటే బాకీ ఎగ్గొట్టడమని ఎవరన్నారు? వాడుకున్నది 80,000 అని ఒప్పుకుని, పైన వేసిన లెక్కకు రుజువు అడగడం ఏ ధర్మానికీ విరుద్ధం కాదు. ఇంకా చెప్పాలంటే, తీర్చాలనుకునేవాడికి చట్టం ఉంచిన గొప్ప వెసులుబాటు హాజరైనవాడికే అందుతుంది. 20వ ఆర్డరు 11వ రూలు ప్రకారం, తగిన కారణం చూపితే డిక్రీ ఇచ్చే సమయంలోనే కోర్టు ఆ మొత్తాన్ని వాయిదాల మీద కట్టమని ఆదేశించవచ్చు. దానికి బ్యాంకు ఒప్పుకోవాల్సిన పని లేదు. డిక్రీ వచ్చేశాక అదే వాయిదాలు కావాలంటే బ్యాంకు సమ్మతి తప్పనిసరి, ఆ దరఖాస్తుకు గడువు కూడా 30 రోజులే. రూలు ఒకటే అయినా, డిక్రీకి ముందు కోర్టు చేతిలో ఉన్న నిర్ణయం ఆ తర్వాత బ్యాంకు చేతికి వెళ్లిపోతుంది. జీతం స్లిప్పు, ఇంటి అద్దె రసీదు, మందుల బిల్లులు జతచేసి నెలకు ఇంత కట్టగలనని రాసిన రిటన్ స్టేట్‌మెంట్‌కు, రాకుండా కూర్చున్నవాడి సదుద్దేశానికి కోర్టులో ఒకే విలువ ఎలా ఉంటుంది? ప్రతివాది జవాబు దాఖలు చేయకపోయినా జడ్జి కళ్లు మూసుకుని డిక్రీ ఇవ్వకూడదని 1999లో బల్‌రాజ్ తనేజా కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించిన మాట నిజమే. అయినా జడ్జి ముందు ఉండేది బ్యాంకు కాగితాలు మాత్రమే. మందుల బిల్లు ఆయనకు కనబడదు.

లాయరు ఖర్చు బాకీని మించిపోతుందన్నది మరో అభ్యంతరం. చిన్న మొత్తాలకు ఇందులో కొంత నిజముంది. స్వయంగా హాజరై వాదించుకోవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితికి లోబడి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ప్లెయింటు ఇంగ్లిషులో ఉంటే చదివి చెప్పే మనిషి దొరకకపోవడమే చాలామందికి అసలు సమస్య. తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో, అదీ సికింద్రాబాద్ పక్కనే ఉన్న మచ్చబొల్లారం భూమి వివాదంలో, తెలుగులో తీర్పు ఇచ్చింది. బ్యాంకుల దావా కాగితాలు ఆ దారి పట్టడానికి ఎంత కాలం పడుతుందో.

చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు డిక్రీ వస్తే మాత్రం ఏం తీసుకుపోతారు అనే ధీమాకు కొంత ఆధారం ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం ప్రావిడెంట్ ఫండ్, చేతిపనివారి పనిముట్లు జప్తుకు రావు. జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేయాలి, ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి పట్టకూడదు. జీతం 40,000 అయితే నెలకు 13,000 దాకా పోవచ్చన్నమాట. డబ్బు డిక్రీ కోసం మహిళలను అరెస్టు చేయకూడదు. కట్టే శక్తి లేనివాణ్ని కేవలం కట్టలేదని సివిల్ జైలుకు పంపడం తగదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. కానీ డిక్రీ ఆయుష్షు 12 ఏళ్లు. ఈరోజు ఏమీ లేనివాడికి ఏడేళ్ల తర్వాత ఖాతాలో డబ్బు ఉండవచ్చు, తండ్రి వాటా రావచ్చు. బ్యాంకు అప్పుడు ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే అమీనా జప్తు వారంటుతో రాకుండా ఆపేదేమీ లేదు.

బ్యాంకుతో రాజీ మాటలు నడుస్తున్నాయి కదా అని వాయిదాకు వెళ్లనివారు అన్నిటికంటే ఎక్కువ నష్టపోతారు. ఫోన్‌లో మాట్లాడేది వసూళ్ల విభాగం, కోర్టులో నిలబడేది బ్యాంకు లాయరు. ఒకరి సంగతి ఒకరికి తెలియనక్కర్లేదు. రాజీ కుదిరితే అది 23వ ఆర్డరు 3వ రూలు కింద కోర్టు ముందు నమోదు కావాలి, లేదా లోక్ అదాలత్‌లో అవార్డుగా మారాలి. రెండో దారిలో బ్యాంకుకు కోర్టు ఫీజు తిరిగి వస్తుంది కాబట్టి వాళ్లకూ ఆసక్తి ఉంటుంది. డిక్రీ వచ్చాక కోర్టు బయట కట్టిన డబ్బును 21వ ఆర్డరు 2వ రూలు ప్రకారం కోర్టులో నమోదు చేయించకపోతే, ఈపీ నడిపే కోర్టు దాన్ని లెక్కలోకే తీసుకోదు. ఎక్కడ కట్టినా, ఏ సెటిల్‌మెంట్ అయినా, కేసు నంబరు వేసిన రసీదు ఉండాలి.

ప్రతివాది రాకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ అప్పటికే వచ్చేసిందని తెలిస్తే 9వ ఆర్డరు 13వ రూలు కింద దాన్ని రద్దు చేయమని అదే కోర్టును అడగవచ్చు. సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపాలి. అందించడంలో చిన్న లోపం ఉన్నా, వాయిదా తేదీ ప్రతివాదికి తెలుసని, వచ్చి జవాబు చెప్పుకునే వ్యవధి ఉందని తేలితే డిక్రీ రద్దు కాదు. వాచ్‌మన్ తెచ్చిచ్చిన కాగితాన్ని చదివి బల్లసొరుగులో పెట్టినవాడికి అందుకే ఈ దారి కష్టం. రద్దు చేసినా కోర్టు ఖర్చులు కట్టమనో, బాకీలో కొంత ముందే కోర్టులో జమ చేయమనో షరతు పెట్టవచ్చు. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు అందనే లేదంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30. అది కూడా దాటిపోతే ముందుగా లిమిటేషన్ చట్టం 5వ సెక్షను కింద మరో పిటిషన్ వేసి, ఆలస్యానికి తగిన కారణం చూపించుకోవాలి.